రైల్లో విదేశీ దంపతులకు నేను చెప్పిన జాగ్రత్తలు

తెలంగాణ వచ్చిన మూడో ఏడో, నాలుగో ఏడో. అమ్మకు కంటి ఆపరేషనై పది రోజులయింది. బెంగళూరులో చెల్లె ఇంట్లో కొన్నాళ్లు ఉంటానంటే, ఒక పొద్దున మహబూబ్‌నగర్‌లో ఇద్దరం రైలెక్కాం. మా కింది బెర్తుల మీద అరవై దాటిన విదేశీ దంపతులు కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూడగానే తప్పు చేసినవాళ్లలా లేచి నిలబడ్డారు. వాళ్లవి పై బెర్తులు.

నేను బడిలో ఇంగ్లిష్ చెబుతాను. కూర్చోమన్నాను. పగలు కింది బెర్తు అందరిదీ, పడుకునే వేళకే ఎవరిది వాళ్లదని చెప్పాను. ఆమె చిన్న పుస్తకం తీసి రాసుకుంది. దాంతో నాకు హుషారొచ్చింది. సంచులను సీటు కింద గొలుసుతో కట్టి తాళం వేయమన్నాను. పాస్‌పోర్టు మాత్రం ఒంటి మీదే ఉండాలన్నాను. నీళ్ల సీసా సీలు చూసి కొనాలి. మీ స్టేషన్ వచ్చిందని ఎవరూ చెప్పరు, బండి ఆలస్యమైతే గడియారమూ పనికిరాదు, పక్కవాళ్లను అడిగి పది నిమిషాల ముందే తలుపు దగ్గరికి వెళ్లాలి. బండి ఆగింది కదా అని టీ కోసం దిగొద్దు, టీయే సీటు దగ్గరికి వస్తుంది.

గద్వాలలో నేనే దిగాను. అమ్మ మాత్ర వేసుకునే ముందు ఏదైనా తినాలని అరటిపండ్ల కోసం వెళ్లాను. పండ్లు చేతికొచ్చేసరికి బండి కదిలింది. పరుగెత్తినా మా డబ్బా అందలేదు. వెనక వస్తున్న జనరల్ డబ్బా తలుపులోంచి ఒక పెద్దాయన నా రెక్క పట్టి లోపలికి లాగాడు. అక్కడి నుంచి మా డబ్బాకు దారి లేదు. నా ఫోనేమో సీటు దగ్గర చార్జింగులో ఉంది. అమ్మకు చూపింకా మసకే. నేను బండెక్కానో లేదో కూడా ఆమెకు తెలియదు.

పెద్దాయన తన ఫోన్ ఇచ్చాడు. నా నంబరుకే చేశాను. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి ఆ విదేశీ ఆమె ఎత్తింది. సంగతి చెప్పగానే ఫోన్ అమ్మ చెవి దగ్గర పెట్టింది.

"ఏడున్నవ్ బిడ్డా? ఎక్కినవా?"

"ఎక్కిన అమ్మా. ఎనక డబ్బాల ఉన్న. కర్నూలుల దిగి నీ తాన్కి వస్త. భయపడకు."

"నాకేం భయం లేదు. గీమె నా చెయ్యి ఇడుస్తలేదు."

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అక్కడ, అంతమంది మధ్యలో వచ్చేసింది.

కర్నూలులో దిగి పరుగున వచ్చేసరికి, ఆమె భర్త తలుపులోంచి సగం బయటికి వంగి ప్లాట్‌ఫారమంతా వెతుకుతున్నాడు. నన్ను చూసి రెండు చేతులూ ఊపాడు. లోపల అమ్మ మా సద్ది విప్పి కూర్చుంది. జొన్న రొట్టె ముక్కలో పల్లీల కారం పెట్టి ఆమెకు తినిపిస్తోంది. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, అయినా ఇంకో ముక్క అడిగింది. ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా ఇద్దరూ ఆపకుండా మాట్లాడుకుంటున్నారు.

సాయంత్రం బెంగళూరులో నేను ఇంగ్లిష్‌లో ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పినా చాలినట్టు అనిపించలేదు. అమ్మ మాత్రం ఆమె రెండు చెంపలూ నిమిరి, తన కణతల మీద వేళ్లు ఆనించి మెటికలు విరిచింది. అదేమిటో ఆమె నన్ను అడగలేదు. వంగి అమ్మ నుదుటి మీద ముద్దు పెట్టుకుని, సంచి భుజానికెత్తుకుంది.