రోలర్‌బాల్ పెన్నుతో రాసిన మరణ వాఙ్మూలం

2003 వేసవి బదిలీల్లో నన్ను బాపట్ల నుంచి తెనాలికి వేశారు. హోదా జూనియర్ సివిల్ జడ్జి. న్యాయశాఖలో అది తొలి మెట్టు. సివిల్ దావాలు వినే మనిషే క్రిమినల్ కేసుల దగ్గరికి వచ్చేసరికి మేజిస్ట్రేటు అవుతుంది. రెండు పనులకూ బల్ల ఒకటే, చెయ్యి ఒకటే.

చెయ్యి అని ఊరికే అనలేదు. మా రోజుల్లో ఆ స్థాయి జడ్జీల ఉద్యోగంలో సగం రాత పనే. సాక్షి చెప్పేది పక్కన కూర్చుని టైపు చేసే మనిషి ఉంటే ఉన్నట్టు, లేకపోతే మనమే రాసుకోవాలి. వాయిదా వేసిన ప్రతి కేసు కాగితం మీదా రెండు ముక్కలు ఉత్తర్వు రాసి సంతకం పెట్టాలి. బాల్‌పాయింటు పెన్నుతో ఆ పని చేస్తే సాయంత్రానికి మణికట్టు లాగేసేది. దాన్ని నొక్కితేగానీ ఇంకు దిగదు. పైగా నాది ఎడమ చేతి వాటం. బాపట్లలో ఉన్న రెండేళ్లూ బొటనవేలి మొదట్లో నొప్పితోనే గడిపాను.

తెనాలి వచ్చిన నెలలోనే అక్కడి సీనియర్ జడ్జి ఒకరు నా రాత చూసి, రోలర్‌బాల్ పెన్ను వాడమన్నారు. బజార్లో పుస్తకాల షాపులో నాలుగైదు రకాలు రాసి చూసి ఒకటి ఎంచుకున్నాను. రోజంతా రాసేవాళ్లకు పెన్నులో ఏం కావాలో అప్పటికి నాకు బాగానే తెలుసుననుకున్నాను. కాగితానికి ఆనగానే రాయాలి, నొక్కకూడదు. వాక్యం మధ్యలో గీత తెగకూడదు. మొన సన్నగా ఉండాలి గానీ కాగితాన్ని గీరకూడదు. మూత టక్కున బిగిసి, సంచిలో ఏ పక్కన పడినా ఇంకు కారకూడదు. నేను కొన్నదానికి ఈ గుణాలన్నీ ఉన్నాయి. వారం తిరిగేసరికి చేతి నొప్పి తగ్గింది. ఇంకో రెండు కొని సొరుగులో పెట్టుకున్నాను.

ఒక సంగతి మాత్రం పట్టించుకోలేదు. బాల్‌పాయింటులో ఉండేది జిడ్డు ఇంకు, కాగితాన్ని తాకగానే పట్టుకుంటుంది. రోలర్‌బాల్‌లో ఉండేది నీళ్ల ఇంకు. ధారగా దిగుతుంది కాబట్టే చేతికి సుఖం. ధారగా దిగుతుంది కాబట్టే ఆరడానికి కొన్ని క్షణాలు పడుతుంది. కుడిచేత్తో రాసేవాళ్ల చెయ్యి ముందుకు వెళ్లిపోతుంది గనక వాళ్లకు ఆ తేడా తెలియదు. నా చెయ్యి రాసిన అక్షరం మీద నుంచే జరుగుతుంది. చిటికెన వేలి పక్క అప్పుడప్పుడూ నీలం అంటేది. కడుక్కునేదాన్ని.

ఆ ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం, భోజనానికి లేవబోతుంటే, ఆసుపత్రి దగ్గరుండే కానిస్టేబుల్ రిక్విజిషన్ తెచ్చాడు. ప్రాణాపాయంలో ఉన్న మనిషి మాట నమోదు చేయమని డ్యూటీ డాక్టరు మేజిస్ట్రేటుకు పంపే కాగితం అది. అందిన వేళ రాసి, ఉన్నపళంగా బయల్దేరాలి. బయట చినుకులు. నా సంచిలో తెల్ల కాగితాలు, అట్ట, సిరా ప్యాడు, ఆ పెన్ను.

మంచం మీద ఉన్న మనిషి పేరు మౌలాలి. భట్టిప్రోలు మనిషి. రోజూ రైల్లో తెనాలి వచ్చి, ఇనప బీరువాలు చేసే ఒక షెడ్డులో వెల్డింగు చేసేవాడు. ఆ షెడ్డు ఇద్దరు అన్నదమ్ములది. అన్న కలీముల్లా, తమ్ముడు కరీముల్లా. మౌలాలి వాళ్ల దగ్గర పదేళ్లు పనిచేసి, ఇక మానేసి భట్టిప్రోల్లో సొంతంగా షెడ్డు వేసుకుంటానన్నాడట. ఆ ఉదయం ఆ మాట మీదే గొడవైంది. ఎవరో ఇనప రాడ్డుతో తల మీద కొట్టారు. ఇంకో పనివాడు టీకి వెళ్లాడు. షెడ్డులో ఉన్నది ఆ ముగ్గురే. ఆటోలో ఆసుపత్రికి తెచ్చింది అన్న. అతని చొక్కా నిండా రక్తం. తమ్ముడు కనిపించలేదు.

ఇలాంటి చోట మేజిస్ట్రేటు చేయవలసిన పనికి ఒక వరస ఉంది. పోలీసులనూ బంధువులనూ బయటికి పంపాలి. రోగి స్పృహలో ఉన్నాడనీ, చెప్పే స్థితిలో ఉన్నాడనీ డాక్టరు చేత రాయించాలి. మనం ఎవరమో చెప్పాలి. పేరూ ఊరూ అడిగి, బుద్ధి నిలకడగా ఉందని మనకూ నమ్మకం కుదరాలి. తర్వాత ప్రశ్న, జవాబు, అతని మాటల్లోనే. చివర చదివి వినిపించి, అవునంటే వేలిముద్ర వేయించాలి.

ఏ భాషలో చెప్తావని అడిగాను.

"తెలుగే చెప్తానండి," అన్నాడు.

కూర్చునే చోటు లేదు. మంచం పక్కన నిలబడి, అట్ట ఎడమవైపుకు వంచి పట్టుకుని రాశాను. ఫ్యాను తిరగడం లేదు. నా అరచెయ్యి చెమటతో తడిగా ఉంది.

"నిన్ను కొట్టింది ఎవరు?"

పెదవులు తడుపుకున్నాడు. రెండోసారి అడిగాక చెప్పాడు. "రాడ్డుతో కొట్టింది కరీముల్లా అండి."

రాశాను.

"అప్పుడు ఇంకెవరున్నారు?"

"అన్నదమ్ములిద్దరూ ఉన్నారండి."

"ఆసుపత్రికి ఎవరు తెచ్చారు?"

"తెలీదండి. పడిపోయా." మళ్లీ తనే, "మా ఆవిడకి చెప్పారా అండి?" అన్నాడు. అదీ రాశాను. వాళ్లు అన్న ప్రతి మాటా రాయాలి.

చదివి వినిపించాను. జ్ఞాపకం పచ్చిగా ఉంది కాబట్టి కాగితాన్ని అక్షరం అక్షరం చూడకుండానే చదివాను. అవునని కళ్లు మూసి తెరిచాడు. ఎడమ బొటనవేలి ముద్ర తీసుకున్నాను. చివరి వరకూ స్పృహలో ఉన్నాడని డాక్టరు రాసి సంతకం పెట్టారు.

వరండాలోకి వచ్చి కవరులో పెట్టబోతూ అప్పుడు చూశాను. కొట్టినవాడి పేరులో రెండో అక్షరం నా చేతి కింద అలికిపోయింది. పైన గుడి దీర్ఘం మిగిలింది. కింద ర ఉందో ల ఉందో తెలియకుండా నీలపు మరకలో కలిసిపోయింది. కాగితం మొత్తంలో ఆ పేరు వచ్చింది ఆ ఒక్కచోటే.

వెంటనే లోపలికి వెళ్లాను. అప్పటికే మౌలాలి ఊపిరి ఎగబీలుస్తున్నాడు. డాక్టరూ, నర్సులూ మంచం చుట్టూ ఉన్నారు. అడిగే పరిస్థితి లేదు. పది నిమిషాల తర్వాత డాక్టరు బయటికి వచ్చి, గుంటూరు పంపిస్తున్నామన్నారు.

"పేరు ఏమని చెప్పాడో మీరు విన్నారా డాక్టర్ గారూ?" అని అడిగాను.

"నేను పల్స్ చూస్తున్నానండి. సరిగ్గా పట్టించుకోలేదు," అన్నారు.

నేను విన్నాను. నాకు అనుమానం లేదు. వరండాలో నిలబడి, అదే పెన్నుతో, మరక మీద ర స్పష్టంగా దిద్దాను. నా రాతను నేనే తేటపరుస్తున్నాననుకున్నాను. కోర్టులో వాఙ్మూలాలు రాసేటప్పుడు ఇలాంటివి రోజూ దిద్దుతాం. పక్కన పొట్టి సంతకం పెట్టడం, ఎప్పుడు దిద్దామో రాయడం నియమం. అది పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అప్పటి నుంచీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. తోచలేదు, అంతే. కవరుకు సీలు వేసి పంపేశాను. మౌలాలి గుంటూరు చేరకముందే పోయాడని సాయంత్రం కబురొచ్చింది.

పోలీసులు అన్నదమ్ములిద్దరినీ పట్టుకున్నారు. పెద్దవాడి చొక్కా మీద రక్తం ఉంది. చిన్నవాడు పారిపోయి రెండు రోజులకు దొరికాడు. ఎవరు కొట్టారని ఎన్నిసార్లు అడిగినా ఇద్దరూ నోరు విప్పలేదని విన్నాను. అన్న తమ్ముడి పేరు చెప్పలేదు, తమ్ముడు తన పేరు చెప్పుకోలేదు. కాగితంలో పేరు అనుమానంగా ఉందని ఇద్దరి మీదా చార్జిషీటు వేశారు. ఇద్దరూ నెలల తరబడి రిమాండులో ఉన్నారు. షెడ్డు మూతపడింది.

విచారణ సెషన్స్ కోర్టులో మొదలయ్యేసరికి నేను రేపల్లెకు బదిలీ అయ్యాను. మరణ వాఙ్మూలం రాసిన మేజిస్ట్రేటు బోనెక్కి, అది తనే రాశానని ప్రమాణం చేసి చెప్పాలి. నాకు సమన్లు వచ్చాయి. కోర్టు మొదలవకముందు పబ్లిక్ ప్రాసిక్యూటరు కాగితం చూపించి మెల్లిగా అడిగారు.

"రాస్తూ ఉండగానే దిద్దారు కదా మేడమ్?"

ఆయన ఆశ నాకు అర్థమైంది. అవునంటే కేసు నిలుస్తుంది. వేలిముద్రకు ముందు దిద్దినదైతే, చదివి వినిపించినప్పుడు చనిపోయిన మనిషి ఒప్పుకున్నట్టే లెక్క.

"కాదండి," అన్నాను.

ఆయన ఫైలు మూసి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

ముద్దాయిల తరఫు వకీలు పెద్దాయన. గొంతు ఎత్తకుండా, నాకు ఇవ్వవలసిన మర్యాద ఇస్తూనే అడిగారు. కాగితాన్ని నా చేతికి ఇచ్చి, ఆ అక్షరం మీద కలం రెండుసార్లు నడిచిందా అన్నారు. నడిచిందన్నాను. ఎప్పుడన్నారు. వేలిముద్ర పడ్డాక, వరండాలో అన్నాను. అప్పుడు చనిపోయిన వ్యక్తి స్పృహలో ఉన్నాడా అన్నారు. లేడన్నాను. దిద్దుబాటు పక్కన సంతకం ఉందా, వేళ ఉందా? లేవు.

"చివరిగా ఒక్కటేనండి. దిద్దకముందు ఆ చోట ల ఉండే అవకాశం ఉందా?"

"లేదండి. నేను విన్నది రీ."

"విన్నదాని గురించి అడగడం లేదండి. కాగితం మీద కనబడేదాని గురించి అడుగుతున్నా."

కాగితం చూశాను. నేను దిద్దిన ర తప్ప ఏమీ కనబడలేదు. "చెప్పలేను," అన్నాను.

రెండు నెలలకు తీర్పు వచ్చింది. కొట్టింది ఇద్దరిలో ఒకరనేది స్పష్టమే అయినా, కాగితంలో పేరు తర్వాత దిద్దినది గనక, నేను విన్నానన్న మాట ఒక్కదాని మీద ఎవరనేది అనుమానానికి అతీతంగా రుజువు కాలేదని సెషన్స్ జడ్జి రాశారు. ఆ స్థానంలో నేనున్నా అదే రాసేదాన్ని. ఇద్దరినీ వదిలేశారు.

కలీముల్లా మళ్లీ షెడ్డు తెరిచాడని, బేరాలు లేక మూసేశాడని తర్వాత తెలిసింది. రక్తం ఓడుతున్న మనిషిని ఒళ్లో వేసుకుని తెచ్చినవాణ్ని ఊరు హంతకుడనే అనుకుంది. తమ్ముడు ఎక్కడికో వెళ్లిపోయాడట.

తీర్పు తర్వాత ఒకరోజు మౌలాలి భార్య జాన్‌బీ నన్ను వెతుక్కుంటూ రేపల్లె కోర్టుకు వచ్చింది. భట్టిప్రోలు నుంచి బస్సులో అరగంట దారి. మధ్యాహ్నం విరామంలో అటెండరు వచ్చి, ఎవరో ముసలమ్మ అన్నాడు. ముసలమ్మ కాదు. ముప్పై అయిదు దాటి ఉండవు. చేతిలో తీర్పు నకలు ఉంది, ప్లాస్టిక్ సంచిలో చుట్టి. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, మా ఆయన పేరు చెప్పాడా, చెప్పలేదా?"

"చెప్పాడమ్మా."

"మీరు విన్నారా?"

"విన్నాను."

"చదువుకున్నోళ్లు, జడ్జీగారు, మీరు విన్నారు. మరి రాసింది చెరిగిపోతే విన్నది కూడా పోద్దా అమ్మా?"

చట్టం ఏమంటుందో వివరించడం నాకు తెలుసు. అదే నా వృత్తి. ఆ రోజు అప్పీలుకు వెళ్లే దారి ఉందని మాత్రం చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎన్నిసార్లు తిరిగినా అదే కాయితం కదమ్మా," అంది.

నిజమే. పై కోర్టు చూసేదీ ఆ కాగితాన్నే. వెళ్లేముందు ఇంకో ప్రశ్న అడిగింది. "నా గురించి ఏమన్నా అడిగాడా?" అడిగాడని చెప్పాను. ఆ వాక్యం చెరగలేదు. తీర్పులో వాఙ్మూలాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు; నకలులో అది ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. ఆమెకు చదువు రాదు. ఆ చోటు గుర్తుండేలా గోటితో గీత పెట్టుకుని, కాగితం మడిచి వెళ్లిపోయింది.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. బోనులో నిలబడి నేను విన్నది రీ అని నిబ్బరంగా చెప్పాను. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నిబ్బరం కరుగుతూ వచ్చింది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే కరీముల్లా అనే వినిపిస్తుంది. అది అతను అన్నదా, నేను దిద్దిన అక్షరాన్ని నా మనసు చదువుతోందా? తెలుసుకునే దారి లేదు. కొట్టినవాడే భయపడి ఆటో ఎక్కించి ఉండొచ్చు. పారిపోయినవాడు అన్నకోసం నోరు మూసుకుని ఉండొచ్చు. ఇద్దరిలో ఒకడికి నేను అన్యాయం చేశాను. మౌలాలికి ఎలాగూ చేశాను.

ఈ వృత్తిలోకి వచ్చే కొత్తవాళ్లు ఎప్పుడైనా అడిగితే చెప్పేది ఇంతే. రోజువారీ రాతకు రోలర్‌బాల్ మంచి పెన్ను. చేతికి సుఖం, రాత అందం. కొనేముందు, మీరు వాడే కాగితం మీదే ఒక లైను రాసి, రాసిన వెంటనే తడివేలితో తుడిచి చూడండి. అలికితే ఉత్తరాలకూ మీ సొంత నోట్సుకూ వాడుకోండి. ఇంకొకరి బతుకు ఆధారపడే కాగితానికి వాడకండి. ఎడమ చేత్తో రాసేవాళ్లు మరీ జాగ్రత్త. వేలిముద్ర తీసుకోకముందే ప్రతి పేరునూ కాగితం మీద చూసి చదవండి, జ్ఞాపకం నుంచి కాదు. మనిషి వినలేని స్థితికి వెళ్లాక అక్షరం చెరిగిందని కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు. చెరిగిందని కింద రాసి, మీరు విన్నదేమిటో విడిగా రాసి, వేళ వేసి సంతకం పెట్టండి.

ఆ తర్వాత సర్వీసులో నేను రాసిన మరణ వాఙ్మూలాలన్నీ బాల్‌పాయింటుతోనే రాశాను. చెయ్యి నొప్పి పుట్టేది. వాటిలో ఒక్క అక్షరాన్నీ ఏ కోర్టూ తప్పు పట్టలేదు. మౌలాలిని చంపినందుకు మాత్రం ఎవరికీ శిక్ష పడలేదు.