జేబులో బియ్యం

ఈ ఉదయం బట్టలు మిషన్‌లో వేసేముందు మా ఆయన చొక్కా జేబు అలవాటుకొద్దీ తిరగేస్తే ఒక మాత్రల షీటు తప్ప మరేమీ రాలలేదు. పెళ్ళయి మిర్యాలగూడకు వచ్చిన కొత్తలో ఇదే పని చేస్తే గుప్పెడు బియ్యం రాలేవి. నా చేతిలో ఆయన చొక్కా కనబడితే చాలు, పెరట్లో కోళ్ళన్నీ పరుగెత్తుకొచ్చేవి. మిల్లు మనిషి ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో మన ఈడువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

ఆయన రైస్ మిల్లులో వడ్ల కొనుగోలు చూసేవారు. లారీ రాగానే బస్తాలోంచి నాలుగు గింజలు తీసి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊదేసి, పంటి కింద పెట్టి కొరికేవారు. టక్కుమంటే వడ్లు ఆరినట్టు, మెత్తగా దిగితే తేమ ఉన్నట్టు. ఆడించిన బియ్యమైనా అంతే, పొద్దస్తమానం నోట్లో ఏవో గింజలు ఉండాల్సిందే. కోదాడలో పుట్టి పెరిగిన నాకు ఇదేం నెమరువేతరా బాబూ అనిపించి, పుట్టింటికి వెళ్ళినప్పుడు మా అమ్మతో చెప్పి నవ్వేదాన్ని.

షుగర్ మాత్రం నవ్వులాట కాదు. మా మామగారికి ఆ జబ్బుతోనే మోకాలి కింద కాలు తీసేశారు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ మా గడప ముందు ఆయనది ఒక్క చెప్పే ఉండేది; రెండోది పారేయడానికి చేతులు రాక మా అత్తగారు దాన్ని వడ్ల గుమ్మి వెనక దాచుకుంది. అందుకే మా ఆయనకూ అదే వచ్చి, ఒళ్ళు పెరిగి, ఇన్సులిన్ వేసుకుంటున్నా షుగర్ దిగక, మడమ మీద పుండు మానకుండా సతాయిస్తున్నప్పుడు, ఇంట్లో అందరి చూపూ ఆ గడప మీదికే పోయేది.

చివరికి ధైర్యం చేసి హైదరాబాదులో పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించాం. కొద్దివారాలకే ఇన్సులిన్ ఆగింది, కొన్ని నెలలకు పుండు మానింది, చొక్కాలన్నీ వదులైపోయాయి. జుట్టు కాస్త ఊడింది, పెళ్ళి భోజనంలో స్వీటు ముట్టుకుంటే చెమటలు పట్టి కూలబడేవారు, విటమిన్ మాత్రలు జీవితాంతం తప్పవన్నారు. కాలు దక్కిన సంతోషంలో ఇవన్నీ మా కంటికి ఆనలేదు. సూర్యాపేటలో మేము చూపించుకునే డాక్టరమ్మ మాత్రం అప్పుడే చెప్పింది, "షుగర్ పోయిందనుకోకండి, పండుకున్నదనుకోండి. లేపకుంటె మంచిగుంటది" అని.

ఏళ్ళు గడిచాక అది లేవనే లేచింది. రిపోర్టు చేతికి వచ్చిన రోజు దవాఖానా మెట్ల మీద ఆయన ఆగి, చెప్పు విప్పి మడమ తడిమి చూసుకున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి నడిపించాను. ఏం తింటున్నారని డాక్టరమ్మ అడిగితే కప్పు అన్నం, పప్పు, గుడ్డు అని ఉన్నదున్నట్టు చెప్పారు, నేనూ తల ఊపాను. అలా చెబుతూ చెబుతూనే ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళి, చిటికెడు బియ్యం తీసి నోట్లో వేసింది.

"ఏంది తింటున్నరు?" అన్నది ఆమె.

"తింటలేనమ్మా, బియ్యం చూస్తున్న" అన్నారాయన, అమాయకంగా.

ఆమె నవ్వాపుకోలేకపోయింది. ఆయన అబద్ధమాడలేదు, మిల్లువాళ్ళకు అది తిండి కాదు, పని. కంచెడు అన్నం పట్టని పొట్టలోకి పొద్దున్నుంచి రాత్రిదాకా గింజ గింజా దిగిపోతున్నా, రోజూ ఆ జేబులు తిరగేసే నాకు కూడా తట్టలేదు చూడండి! ఏ పొరపాటూ చేయకున్నా కొందరికి ఇది తిరిగి వస్తుందని, ఇన్నేళ్ళు అదుపులో ఉండడమే కళ్ళకూ కిడ్నీలకూ ఎంతో మేలని ధైర్యం చెప్పి, ఆమె ఒక మాత్ర రాసిచ్చి జేబు ఖాళీ చేయించింది.

ఇప్పుడు ఆ ఒక్క మాత్రతోనే బండి నడుస్తోంది. మిల్లులో తేమ చెప్పే మిషన్ వచ్చింది, ఆయన పళ్ళతో ఎవరికీ పనిలేదు, మా పెరట్లో కోళ్ళూ లేవు. కొత్త బియ్యం బస్తా ఇంటికొస్తే మాత్రం ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "జర నువ్వు కొరికి చెప్పరాదు" అంటారు. నేను గింజ పంటి కింద పెడితే, ఆ చప్పుడు కోసం తల దగ్గరగా వంచి వింటారు. గడప అవతల ఆయన చెప్పులు జతగా కనబడుతూనే ఉంటాయి. ఇంతకన్నా ఏం కావాలయ్యా అందామనుకుంటాను గానీ, ఆశగా వంచిన ఆ ముఖం చూసి ఇంకో గింజ కొరుకుతాను.