జూలై జ్వరం

పుదుచ్చేరి నుంచి బాహూరు వెళ్లే బస్సులో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. నేనప్పుడు బస్సు రొదలో వినపడక ఫోన్ స్పీకర్లో పెట్టి ఓడ ప్రయాణాల ఏజెంటుతో గొడవపడుతున్నాను. చెన్నైలో బయలుదేరే ఓడలో మా దంపతులకూ ఇద్దరు పిల్లలకూ ఒక గది కావాలి. మే నెల అనేసరికి ధర రెట్టింపు చెప్పాడు.

"బడి సెలవుల్లో అంతే మేడమ్. జూలైలో రండి, సగానికే వస్తుంది. పిల్లలకి జ్వరమని బడికి లెటర్ రాసెయ్యండి" అన్నాడు.

ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను. "పిల్లలకు సెలవులిస్తే సముద్రం ఏమైనా పెద్దదవుతుందా?" అని పైకే అనేశాను.

పెద్దావిడ నా వైపు తిరిగింది. "ముప్పై ఏండ్లు టీచరుగా ఉండినాను మా. ఆ జూలై జరాలన్నీ నాకు తెలుసు. రేటు పెంచేది వాళ్ల అన్యాయం. బిడ్డల పేరు మీద అబద్ధం రాసేది ఎవరిది? ఓడ ఎక్కేదానికి పోతా ఉండామనే రాయి. కాదంటే ఏందని నిలబడి అడుగు" అంది కోపంగానే.

అలాగే రాశాను. హెడ్‌మిస్ట్రెస్ కాదంది. నిలబడి అడిగాను, అయినా కాదంది. మేం ఓడ ఎక్కనే లేదు. వేసవి ధరలు చూస్తే నాకిప్పటికీ మండిపోతుంది. ఆ ఉత్తరం రాసినందుకు మాత్రం ఒక్కనాడూ బాధపడలేదు.