పుస్తకంలో మిగిలిన హోటల్

రాజలింగు కాపలా కాసే హోటల్ మూతబడి ఏడేళ్లయింది. ఆ సంగతి ఖఫ్జీ ఊరంతటికీ తెలుసు. తెలియనిది ఒక్క ఇంగ్లీషు పుస్తకానికే.

మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి ముప్పై ఒకటో ఏట పైపుల పనికని ఈ అరబ్బు దేశం వచ్చినవాడు రాజలింగు. సముద్రం ఒడ్డున, కువైట్ సరిహద్దుకు పోయే దారిలో, ఇరవై నాలుగు గదుల రెండంతస్తుల హోటల్ అది. కుళాయిలు, మోటార్లు, ఏసీలు అన్నీ అతనే చూసేవాడు. సెలవు రోజుల్లో పిల్లాజెల్లాతో వచ్చే కార్లకు ముందు ఖాళీ జాగా సరిపోయేది కాదు. యజమాని, అంటే కఫీల్, చనిపోయాక కొడుకులు నలుగురూ నాలుగు దిక్కులయ్యారు. ఒకడు అమ్ముదామన్నాడు, ఒకడు కూలగొట్టి కొత్తది కడదామన్నాడు. వ్యవహారం కోర్టుకెక్కింది. పనివాళ్లు తలో ఊరికి చెదిరిపోయారు. పెద్దకొడుకు మాత్రం రాజలింగును పిలిచి, "నువ్వు హారిస్‌గా ఉండు. గేటు దాటి ఎవరినీ లోపలికి రానీయకు" అన్నాడు. అప్పటి నుంచి అతను పైపుల మేస్త్రీ కాదు, కాపలావాడు.

కాపలా కాయడానికి అక్కడ ఏమీ లేదు. మంచాలు, పరుపులు కూడా ఎప్పుడో తీసుకుపోయారు. వాడకపోతే లైన్లు పాడైపోతాయని వారానికోసారి ఒక్కో గదికీ వెళ్లి కుళాయిలు తిప్పి వచ్చేవాడు. నీళ్లు గోడల్లోంచి గరగరమంటూ దిగుతుంటే పైన ఎవరో స్నానం చేస్తున్నట్టే ఉండేది. ఆ చప్పుడు కోసమే ఒక్కోసారి అవసరం లేకపోయినా తిప్పేవాడు. పెద్దకొడుకు నెలకోసారి వచ్చి కారు దిగకుండానే చూసి పోయేవాడు. సందు చివరి బకాలా కొట్టులో బంగ్లాదేశీ అతను "క్యా చాహియే?" అంటాడు, ఇతను చెబుతాడు. కొన్ని రోజుల్లో అతను మొత్తం మాట్లాడింది అంతే. ఇంటికి ఫోన్ చేస్తే భార్య లసుమవ్వ అడిగేది:

"ఏం జేసినవ్ ఇయ్యాల?"

"ఏం లేదు."

"తిన్నవా?"

"తిన్న."

ఆ తర్వాత ఇద్దరూ ఫోను పట్టుకుని ఊరుకునేవాళ్లు. చెప్పుకోవడానికి ఏదైనా జరగాలి కదా.

మూడేళ్ల కిందట, చలి మొదలైన రోజుల్లో జరిగింది. వీపున సంచీతో, నెరిసిన జుట్టుతో పొడుగాటి విదేశీ మనిషి ఒకామె గేటు ముందు నిలబడి పిలిచింది. చేతిలో పుస్తకం. రాజలింగు పోయి, "క్లోజ్ మేడం. ఫినిష్" అన్నాడు. ఆమె నవ్వి, పుస్తకం తెరిచి, ఒక పేజీ మీద వేలు పెట్టి చూపించింది. అతను తాళం చూపించాడు, తుప్పు చూపించాడు, పై అంతస్తులో అద్దాలు లేని కిటికీలు చూపించాడు. ఆమె ఒక్కొక్కటీ చూసి మళ్లీ పేజీ చూసుకుంది. ఎదురుగా ఉన్న మనిషికంటే, మేడకంటే, ఆ అక్షరాల మీదే ఆమెకు నమ్మకం. చివరికి నిజం మింగుడుపడ్డాక ఆమె మొహం చిన్నబోయింది. అది చూసి రాజలింగుకు ఏదో తానే తప్పు చేసినట్టనిపించింది. గేటు బయట కుర్చీ వేశాడు. యాలక్కాయ వేసి చాయ్ పెట్టిచ్చాడు. తెలిసిన పాకిస్తానీ టాక్సీ అతనికి ఫోన్ చేసి, ఊళ్లో మంచి లాడ్జి దగ్గర దింపమని చెప్పాడు. పోయేటప్పుడు ఆమె అతని చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఏదో అంది. అర్థం కాలేదు. ఆ పూట లసుమవ్వతో అరగంట మాట్లాడాడు.

ఆ తర్వాత సైకిళ్ల మీద ఇద్దరు పిల్లగాళ్లు వచ్చారు. ఆ నెలలోనే కారులో ఒక జంట. అందరి చేతిలోనూ అదే పుస్తకం, అదే పేజీ. చలికాలమంతా నెలకు ఒకరో ఇద్దరో వస్తూనే ఉన్నారు. రాజలింగు ఇంకో కుర్చీ తెచ్చి కడిగి పెట్టాడు. చాయ్ గ్లాసులు కొత్తవి కొన్నాడు. గడ్డం పెంచడం మానేశాడు. బస్సు వచ్చే వేళకు గేటు దగ్గరికి వచ్చి రోడ్డు కేసి చూడడం అలవాటైంది. ఆ పుస్తకంలో ఏముందో తెలియదు గానీ, అది రాసినవాడి మీద అతనికి ఎక్కడలేని ప్రేమ పుట్టింది.

మూడేళ్లు అలా గడిచాక, ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం చుడీదార్ వేసుకున్న ఒకమ్మాయి టాక్సీ దిగింది. ఆమె దగ్గరా ఆ పుస్తకమే. "భయ్యా, హోటల్ బంద్ హై క్యా?" అని అడిగింది. బందే అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి, వెళ్లిపోతున్న టాక్సీని చూసి, "అయ్యో దేవుడా, దీనికోసమా ఇంత తయారై వచ్చాను" అని తనలో తాను అనుకుంది.

తెలుగు మాట చెవిన పడగానే రాజలింగు గేటు బయటికి వచ్చేశాడు. "మనోళ్లేనా బిడ్డా?" అన్నాడు.

ఆమె పేరు సుజిత. గుడివాడ వైపు. ఖఫ్జీ ఆసుపత్రిలో నర్సుగా చేరి ఏడాది దాటింది. గదిలో ఉండే ఫిలిప్పీన్స్ అమ్మాయి దేశం పోతూ ఆ పుస్తకం వదిలేసి పోయిందట. ఆ రోజు సుజిత పుట్టినరోజు, ముప్పై మూడు నిండాయి. తోటివాళ్లంతా డ్యూటీలో ఉన్నారు. సముద్రం కనిపించేచోట కూర్చుని ఒక్కతే చేప తిని వద్దామని బయల్దేరింది.

"చేపలు లేవు బిడ్డా. పప్పుచారున్నది, అన్నమున్నది. గిక్కడ బయట్నే కూసొని తిను" అన్నాడు రాజలింగు. ఆమె మొహమాటపడలేదు. తింటూ ఉండగా అతను అడిగాడు:

"దాంట్ల ఏమున్నదో జర సదువు బిడ్డా. మూడేండ్ల సంది అందరు నాకు సూపిస్తనే ఉన్నరు."

ఆమె ఎడంచేత్తో పేజీ తిప్పి, తెలుగులో చెప్పుకుంటూ పోయింది. "సముద్రం వైపు గదులు శుభ్రంగా ఉంటాయట. కింద రెస్టారెంట్‌లో హమ్మూర్ చేప వేపుడు తినకుండా పోవద్దంటున్నాడు. వంటాయన నవ్వుతూ పలకరిస్తాడట. బస్టాండ్ నుంచి నడిస్తే పది నిమిషాలు. సాయంత్రం నాలుగింటికి కువైట్ బస్సు హోటల్ ముందే ఆగుతుందట."

"వంటాయన బాబ్జాన్. కడప దిక్కాయన. నిజంగనే నవ్వుతుండె" అన్నాడు రాజలింగు. "ఎవలన్న అన్నం బాగున్నదంటే సాలు, పొయ్యి ఇడిసిపెట్టి అచ్చి నిలబడేటోడు."

"ఇప్పుడెక్కడున్నాడాయన?"

"మదీనాల ఏదో హోటల్ల చేస్తుండన్నరు. నంబరు మారింది. దొరకలే."

"మరి కువైట్ బస్సు?"

"గదొక్కటే అబద్ధం బిడ్డా. హోటల్ నడిచినప్పుడు గూడ బస్సు ఈడ ఎన్నడాగలే. బస్టాండ్ అప్పుడు దగ్గర్నే ఉండె, ఇప్పుడు ఊరవుతల హైవే కాడికి పోయింది."

సుజిత అట్ట తిప్పి చూసింది. "పైన మాత్రం కొత్త కూర్పు అని పోయినేడాది తారీఖు వేశారు బాబాయ్. లోపలంతా పాతదే ఉంచేసినట్టున్నారు. రాసినాయన మళ్లీ వచ్చి చూస్తే కదా."

"అస్తే నాకు తెల్వకపోవునా" అన్నాడు రాజలింగు. ఆమె గ్లాసులో నీళ్లు పోసి, "పైపులు జేసేటోని గురించి ఏమన్న రాసిండా?" అని అడిగాడు.

ఆమె పేజీ అంతా వెతికింది. లేదని చెప్పడానికి నోరు రాక మళ్లీ వెతికింది. అతనే నవ్వి, "పైపులోని గురించి ఎవలు రాస్తర్లే" అన్నాడు.

ఏదైనా తప్పుంటే తెలియజేయండి అని ఆఖరి పేజీలో ఉంది. "రాసి పడేద్దామా బాబాయ్? పాపం, ఇంకెవరూ ఇలా వచ్చి తిరిగిపోకుండా ఉంటారు" అంది సుజిత.

రాజలింగు గ్లాసులు కడుగుతున్నాడు. చాలాసేపు కడిగాడు. "గంత తొందరేమున్నది బిడ్డా" అన్నాడు.

ఆమె అతని వైపు చూసి, రెండు కుర్చీల వైపు చూసి, పుస్తకం సంచిలో పెట్టేసుకుంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పోయేటప్పుడు తన ఫోన్ నంబరు రాసిచ్చింది.

సెప్టెంబరులో, ఎండ ఇంకా తగ్గకముందే, ఒంటిగంట వేళ రోడ్డు మీద ఎవరో నడిచి రావడం రాజలింగు చూశాడు. ఆ వేళలో అక్కడ కుక్క కూడా నడవదు. తాగినవాడిలా తూలుతూ వస్తున్నాడు. దగ్గరికొచ్చేసరికి తెలిసింది, ముసలాయన, తెల్లవాడు, మొహం ఎర్రగా కమిలిపోయి ఉంది. చెమట మాత్రం లేదు. చేతిలో పుస్తకం ఉంది. గేటు పట్టుకుని ఏదో అడగబోయి అక్కడే కూలిపోయాడు.

రాజలింగు గేటు బార్లా తీశాడు. పెద్దకొడుకు మాట గుర్తురాలేదు, గుర్తొచ్చినా ఆగేవాడు కాదు. ముసలాయన్ని భుజాన వేసుకుని వెనకున్న తన గదిలోకి తీసుకుపోయి, మంచం మీద పడుకోబెట్టి, ఏసీ పెంచి, సుజితకు ఫోన్ చేశాడు.

"బిడ్డా, ఒకాయన పడిపోయిండు. ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది. పిలిస్తే పలుకుతలేడు."

"చొక్కా విప్పేయండి బాబాయ్. నీళ్లతో తడుపుతూ ఉండండి. మెడ మీద, చంకల్లో చల్లటి తడిగుడ్డలు పెట్టండి. తెలివి లేదు కాబట్టి నోట్లో నీళ్లు పొయ్యకండి. నేను అంబులెన్సుకి చెప్తున్నా, దారి అడిగితే మీ ఫోనెత్తండి."

బండి వచ్చేదాకా రాజలింగు తన దుప్పటి, తన తువ్వాలు తడిపి కప్పుతూనే ఉన్నాడు. ముసలాయన కాళ్లకున్న బూట్లు విప్పితే మడమలు రెండూ బొబ్బలెక్కి చితికిపోయి ఉన్నాయి.

ఆయన బతికాడు. పోలండ్ దేశస్థుడని, డెబ్బై ఒక్కేళ్లని, హైవే దగ్గర బస్సు దిగి పది నిమిషాలేగా అని నడవడం మొదలుపెట్టాడని సుజిత తర్వాత చెప్పింది. నాలుగు రోజులకు లేచి తిరిగాడట. రాజలింగు సంతోషించాడు గానీ ఆ రాత్రీ, మరుసటి రాత్రీ అన్నం సహించలేదు. ఫిబ్రవరిలోనే రాసి ఉంటే ఆయన ఆ ఎండలో అంత దూరం నడిచేవాడా? పుస్తకం రాసినవాడు తెలియక తప్పు రాశాడు. తనకు తెలుసు. తెలిసీ, రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నాడు.

శనివారం సుజితను రమ్మన్నాడు. "రాయి బిడ్డా" అన్నాడు.

ఆమె ఫోన్ తీసింది. "చెప్పండి."

"హోటల్ ఏడేండ్ల కింద బందైందని రాయి. బస్టాండ్ ఊరవుతలికి పోయిందని రాయి. టాక్సీల్నే రావాలె, ఎండల నడవద్దని రాయి. కువైట్ బస్సు ఈడ ఆగదని గూడ రాయి."

"రాశాను. ఇంకేమన్నా ఉందా?"

రాజలింగు రోడ్డు కేసి చూశాడు. "ఈడికి ఎవ్వలు రావద్దని రాయి."

"అంత కచ్చితంగా రాయనా బాబాయ్?"

"అట్లనే రాయి."

ఆమె రాసింది. పంపే ముందు ఒకసారి అతని మొహం చూసింది. అతను తలూపాడు. మూడు రోజుల్లో జవాబు వచ్చింది, ధన్యవాదాలు, సరిచేస్తాం అని. నర్సు సుజిత గారు అందించిన సమాచారం విలువైనదని కూడా రాశారట. సుజిత నొచ్చుకుని, "మీ పేరు కూడా పెట్టాను బాబాయ్, వాళ్లే చూసుకోలేదు" అంది.

తర్వాతి మార్చిలో సుజిత ఒప్పందం ముగిసింది. మదీనాలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. పోయేముందు వచ్చి, మామిడికాయ పచ్చడి సీసా ఇచ్చి, కళ్లు తుడుచుకుని వెళ్లింది. వారానికొకసారి ఫోన్ చేసేది, తర్వాత రెండు వారాలకు, తర్వాత ఆమెకు రాత్రి డ్యూటీలు పడ్డాయి.

ఎండాకాలం పోయాక ఒకరోజు ఆమే ఫోన్ చేసింది. పుస్తకం కొత్త కూర్పు ఎవరి దగ్గరో చూసిందట.

"హోటల్ తీసేశారు బాబాయ్. హోటలే కాదు, ఊరే తీసేశారు. ఖఫ్జీ గురించి ఒక్క లైనే ఉంది. సరిహద్దు ఊరు, ఆగాల్సిన పని లేదు అని."

"ఆగాల్సిన పని లేదంట?" అన్నాడు రాజలింగు.

"అలాగే రాశారు."

"ఊర్ల సముద్రమున్నది, తోటలున్నయి, చేపల మార్కెట్టున్నది" అన్నాడతను. ఇంకా ఏవో చెప్పబోయి, "మంచిగున్నవా బిడ్డా?" అని అడిగాడు.

ఆ చలికాలం ఎవరూ రాలేదు. నవంబరు పోయింది, డిసెంబరు వచ్చింది. ఫోన్లో లసుమవ్వ, "ఈ నడుమ ఎవలు వస్తలేరా?" అని అడిగితే, "వస్తలేరు, అందరికి ఇప్పుడు దారి మంచిగ తెలుస్తున్నది" అన్నాడు. 

జనవరిలో ఒక ఉదయం, సంచులు కట్టుకున్న సైకిల్ ఒకటి దమ్మాం వైపు నుంచి వస్తూ కనిపించింది. రాజలింగు లేచి నిలబడ్డాడు. సైకిల్ మీదున్న యువకుడు హోటల్ వైపు చూడలేదు. కొంచెం ముందుకు పోయి, కుడికి ఇంకో దారి చీలేచోట కాలు నేలకానించి ఆగాడు. ముందుకు చూశాడు, కుడికి చూశాడు, ఫోన్ తీసి చూశాడు. కుడికి తిప్పుకోబోయాడు. అది సముద్రం ఒడ్డున ఆగిపోయే దారి.

రాజలింగు గేటు దాటి రోడ్డు మీదికి పరిగెత్తాడు. "ఓయ్! సీదా! కువైట్ సీదా!" అని గొంతు చించుకుని అరుస్తూ చెయ్యి చాపి చూపించాడు.

యువకుడు తిరిగి చూసి, చెయ్యెత్తి ఊపి, తిన్నగా తొక్కుకుంటూ పోయాడు. అతను కనుమరుగయ్యేదాకా రాజలింగు నడిరోడ్డులో నిలబడే ఉన్నాడు. ఆ రోజంతా అతను ఇంకొక మనిషితో మాట్లాడింది ఆ ఒక్క మాటే.