రెప్ప లాగి చూసే పెద్దమనిషి

నేను మూడో తరగతితో బడి మానేసిన రోజున మా అయ్యవారు పిల్లలందరికీ బెల్లం పంచిపెట్టారు. అలాంటి నాకు, మట్టిలో కంటికి కనబడని జీవాలుంటాయని ఒక పెద్దమనిషి చెప్పి చూశారు.

యుద్ధం రోజుల్లో ఆయన హిందూపురం నుంచి రైల్లో వచ్చి పెనుకొండలో దిగి, మట్టి పరిశోధన అంటూ మా పల్లెల్లో తిరిగేవారు. ఏ చేలోకి దిగినా ఒక వేరుశనగ చెట్టు పీకి, వేళ్ల మీది బుడిపెను గోటితో గిల్లి చూసేవారు. ఎదురొచ్చిన మనిషి కింది రెప్పను కూడా అలాగే లాగి చూసేవారు. రెండు చోట్లా ఆయన వెతికేది ఎరుపే; ఎరుపుంటే చెట్టుకైనా మనిషికైనా బలం ఉన్నట్టు. ధర్మవరంలో చీర కొనబోయి, చీర వదిలేసి నేతగాడి రెప్ప లాగారట.

ఆ ఏడు వాన లేక మా చేలో ఆకులు ముడుచుకున్నాయి. నాయన ఒక చెట్టు పీకి చూశాడు.

"వేళ్లకంతా గడ్డలు లేసుండాయి. ఇది రోగమే. దున్నేసి ఉలవలు సల్లుదాం" అని మడక కట్టాడు. దున్నేస్తే మళ్లీ వేరుశనగ విత్తడానికి ఇంట్లో గింజ లేదు.

పెద్దమనిషి ఎద్దులకు అడ్డం వచ్చి బుడిపె గిల్లారు. లోపల ఎర్రగా ఉంది.

"రోగం కాదప్పా. దీంట్లో ఉండే జీవాలే చెట్టుకు తిండి పెడతాయి. ఇంకో వాన దాకా ఓర్చుకుంటుంది."

తర్వాత నాయన రెప్ప లాగారు. తెల్లగా ఉంది.

"చేను బాగుంది. వాడిపోయింది నువ్వే. ఆస్పత్రికి పో."

నాయన ఎద్దులను విప్పేశాడు. ఇంటి దారిలో నేను, "అయితే నాయనా, దున్నాల్సింది చేను కాదు, నిన్ను" అన్నాను.

"దున్నురా. ఇన్నాళ్లకు నువ్వు మడక పడితే చూసేకి పెనుకొండంతా వస్తాది" అన్నాడు.