కొబ్బరికాయ లేవని తోట

ఆ రోజుల్లో భూమిని చూడటమంటే ఇప్పటిలా ఫోనులో మ్యాపు తెరిచి చూడటం కాదు. ఎండలో బూట్లు అరిగేలా తిరగాలి, వెళ్లిన ప్రతి ఇంట్లో చాయ్ తాగాలి, పైగా మా సారు నమ్మకాలన్నీ మొయ్యాలి. బీకాం చదివి, లెక్కలు రాసే పనికని సికింద్రాబాద్‌లో ఒక చిన్న ప్లాట్ల కంపెనీలో చేరిన నాకు ఈ మూడోదే కడుపు మండించేది. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాడి అరచేతిలో కొబ్బరికాయ పెట్టి నడిపిస్తే, నీళ్లున్న చోట కాయ నిలువుగా లేస్తుందని ఆయనకెవరో చెప్పారు. మరునాడే ఆఫీసులో అందరి బ్లడ్ గ్రూపులూ అడిగారు. నేను నిజం చెప్పాను. (ఆ ఒక్క నిజానికి నా ఎండాకాలాలన్నీ పోయాయి.)

అలా ఒక మార్చి మధ్యాహ్నం శామీర్‌పేట దాటి లాల్‌గడి మలక్‌పేట్ పక్కన ఒక ద్రాక్షతోటకు వెళ్లాం. తోట ఒక అవ్వది. దాన్ని అమ్మి జీపు కొనాలన్న తొందర ఆమె మనవడిది. పందిళ్ల నిండా గుత్తులు వేలాడుతున్నాయి, బోరు నీళ్లు కాలువ దాటి నా బూట్లలోకి వచ్చేస్తున్నాయి. అయినా మా సారు సంచిలోంచి కొబ్బరికాయ తీశారు.

“సార్, గవే కదా నీళ్లు!” అన్నాను.

“అవి వాళ్ల నీళ్లు. మన ప్లాట్లకు నీళ్లు ఏడున్నయో చూడు. జల్దీ!”

కాయను అరచేతిలో పెట్టుకున్నాను.

ఆయనా మనవడూ హద్దురాళ్లు చూడటానికి అటు వెళ్లగానే, అవ్వ చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చి నా పక్కనే నిలబడింది.

“బేరం కుదిరితే సంతకం పెడత అని పోరనికి మాటిచ్చిన బిడ్డా. ఇగ నీ చేతుల ఉన్నది. గా కాయ లేవకుంటే సాలు. గీ పందిళ్లు నా చేతులతోని ఏసిన. పీకుతుంటె సూడలేను.”

నా చిరాకంతా ఎటో పోయింది. ఆమె ముఖం చూడలేకపోయాను.

“మనం చెప్తే కాయ ఇంటదా అవ్వా?” అన్నాను.

“నీ బొటనేలు ఇంటది కద బిడ్డా,” అంది.

బొటనవేలితో కాయను అదిమిపట్టి వరస వరసా తిరిగాను. ఒకచోట కాయ నిజంగానే కదిలింది. (చెమటకు జారిందనే ఇప్పటికీ నా నమ్మకం.) ఇంకా గట్టిగా నొక్కాను. హద్దురాళ్లు చూసి తిరిగొచ్చిన మనవడు నా వెనకే వస్తూ “లేస్తలేదేంది సార్? ఇంకో కాయ పెట్టుర్రి” అని ప్రాణం తీశాడు. ఆ ఇంకో కాయ కూడా లేవలేదు. మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటుతో బయటికొచ్చి, “నీళ్లు లేవు సార్” అన్నాను. మా సారు నా చేతినే చూశారు తప్ప కాళ్ల వైపు చూడలేదు. బేరం వద్దనేశారు. అవ్వ గంపెడు ద్రాక్షపండ్లు మా బండిలో పెట్టించింది. దారి పొడవునా గింజలు ఊస్తూ తిన్న మా సారు, “పాపం, నీళ్లు లేకుంట ఎట్ల పండిస్తరో ఏమో!” అన్నారు. నేను ముఖం అటు తిప్పుకున్నాను.

అవ్వ పోయాక మనవడు తోటను ఇంకెవరికో అమ్మాడు. కొన్నేళ్లకు అక్కడే లేచిన అపార్టుమెంట్లలో ఫ్లాటు చూడటానికి మా ఆవిడతో వెళ్లాను. టై కట్టుకున్న కుర్రాడు “నీళ్లకు కొదవే లేదు సార్” అంటున్నాడు. అతని వెనకే ట్యాంకరు నీళ్లు దించుతోంది.

“ఈడ నీళ్లు లేవని ఒక పెద్ద నిపుణుడు ఎప్పుడో తేల్చిండు,” అన్నాను.

“ఎవరాయన?” అంది మా ఆవిడ.

బొటనవేలు నిమురుకుంటూ, పందిళ్లు ఉండిన వైపు చూసి నవ్వుకున్నాను. అవ్వ బతికున్నన్నాళ్లూ ఆ తోట ఉంది. ఆ ఉద్యోగం మొత్తంలో నేను ఒక భూమికి సరిగ్గా విలువ కట్టింది ఆ ఒక్కసారే.