దోన్ ఎల్వియో లేచాడు

కవుల పండగలో గెలిచిన కవికిచ్చే కుర్చీ మీద ఆశతోనే దోన్ ఎల్వియో ప్యూ ఏటేటా లేచి నిలబడతాడని గైమన్ ఊళ్లో ఒక పుకారు. శుద్ధ అబద్ధం. ఆ ముసలాయన జన్మలో రాసినవల్లా గొర్రెల చెవులకి వేసే గుర్తులే. ఆయనకున్నది ఒకటే జబ్బు. ఎవరి పేరు పిలిచినా తనే లేస్తాడు.

ఓసారి ఆసుపత్రిలో తొలి కాన్పుకొచ్చిన పిల్లని పిలిస్తే ఈయన లేచాడు.

"మీకెన్నో నెలండీ?" అంది నర్సు.

"నిండాయమ్మా," అని పొట్ట నిమురుకున్నాడు. అంతదాకా భయంతో బిగుసుకుపోయిన పిల్ల పకపకా నవ్వుతూ లోపలికెళ్లింది.

తాతలు వేల్సు నుంచి ఓడలో మోసుకొచ్చిన పండగ అది. కవులు మారుపేర్లతో రాస్తారు. గెలిచిన మారుపేరును వేదిక మీంచి పిలుస్తారు. ఆ కవి జనంలోంచి లేవాలి. మూడో పిలుపుకీ లేవకపోతే కుర్చీ ఆ ఏటికి ఖాళీ. ఏ పేరు పిలిచినా ముందు లేచేది ఎల్వియోనే.

ఈసారి అధ్యక్షుడు ఇవోర్ ముందే వేలు చూపించాడు. "మళ్లీ లేచావో, బయటికి గెంటిస్తా. టీ లేదు, నల్ల కేకూ లేదు!"

"కేకు కూడానా? అన్యాయం!" అన్నాడు ఎల్వియో.

రెండు వరసల వెనక కూర్చున్న నెలీదాకి నవ్వు రాలేదు. కోడలు ఇర్మా రొట్టెల పిండి పక్కన కాగితం పెట్టుకుని రాస్తుంటే భుజం మీంచి తొంగి చూసిన మనిషి ఆవిడ. ‘ఉప్పుగాలి’ అన్న మారుపేరూ చూసేసింది. కానీ ఇర్మా ఎలాంటిదంటే, దుకాణంలో నలుగురుంటే ఉప్పు కొనకుండానే తిరిగొచ్చేస్తుంది.

"ఉప్పుగాలి!" అని పిలిచారు వేదిక మీంచి.

"లేవే!" నెలీదా మోచేత్తో పొడిచింది.

"కాళ్లు ఆడట్లేదత్తయ్యా. నా వల్ల కాదు."

"ఉప్పుగాలి!"

హాలంతా మెడలు తిప్పుతోంది. ఎల్వియో మాత్రం బుద్ధిగా కూర్చున్నాడు. లేవవయ్యా మహానుభావా, కేకు నేను పెడతాను కదా అని నెలీదా లోపల్లోపల మొక్కుకుంది.

మూడో పిలుపు. బెంచీ కిర్రుమంది. టోపీ కింద పడింది, చేతికర్ర ఎవరి కాలి మీదో పడింది, ఎల్వియో లేచాడు! హాలు గొల్లుమంది.

"నీ పేరు కాదయ్యా! బయటికి!" ఇవోర్ అరిచాడు.

"కాదా? అయితే ఎవరబ్బా?" అంటూ ఆయన తాపీగా వెనక్కి తిరిగి చూశాడు. జనం ఇంకా ఆయన్నే చూసి నవ్వుతున్నారు. అందరి కళ్లూ ఆయన మీదున్నప్పుడే, ఆ నవ్వుల్లో ఇర్మా లేచేసింది. ఇక కూర్చుందామన్నా కుదరదు. గెలిచిన కవి దొరికిందని బాకా ఊదేశారు.

కోడలు కుర్చీలో కూర్చున్నాక గానీ నెలీదాకి ఊపిరాడలేదు. అప్పుడు కేకు పళ్లెం పట్టుకుని కాలవగట్టుకి వెళ్లింది. హాల్లోంచి గెంటేసిన ఎల్వియో అక్కడ గాలికి టోపీ అదిమిపట్టుకుని, గొట్టంతో మాతే కషాయం పీలుస్తున్నాడు.

"నిజం చెప్పు దోన్ ఎల్వియో. నువ్వు లేచిన ప్రతిసారీ నీ వెనకాలే ఇంకెవరో లేస్తారు. కావాలనే కదూ?"

ఆయన కేకు ముక్క నోట్లో వేసుకున్నాడు.

"నాకు పేర్లు సరిగ్గా వినపడవు దోన్యా నెలీదా. ఎవరి మోకాళ్లన్నా కొట్టుకుంటే మాత్రం భలే వినపడతాయి."